చెయ్యి పెట్టి చెప్పిన ఇంగ్లీషు

ఆ పుస్తకం కాసేపు మూసిపెట్టి ఇలా రా తల్లీ. ఇంకా దగ్గరికి. నాకు గట్టిగా మాట్లాడే ఓపిక లేదు, నీకు దూరం నుంచి వినే ఓపిక లేదు, అందుకని ఆనుకుని కూర్చుంటే ఇద్దరికీ హాయి. 'చేశాను' అన్న ఒక్క ముక్కకి ఇంగ్లీషులో రెండు రకాలెందుకని పొద్దుటినుంచీ మూతి ముడుచుకున్నావు కదా. ఆ రెండు రకాలూ ఒకప్పుడు ఈ ఇంటిని తలకిందులు చేశాయి. అప్పటికి నువ్వు పుట్టలేదు. మీ అమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్త.

మీ పెద్దమ్మ అప్పుడు ఆసుపత్రి బట్టల గదిలో పని చేసేది. అంతకుముందు అదే గదిలో నేను పని చేశాను. నా మోకాళ్ళు మొరాయించాక నా చోటులోకి నా పెద్దకోడలు వెళ్ళింది. బట్టల గది అంటే తేలిగ్గా తీసుకోకు. వార్డుల్లో పరిచే దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు, ఆపరేషన్ గౌన్లు అన్నీ ఉతికి, ఆరి, మడతపడి ఆ గదిలోకే వస్తాయి. అక్కడ గోడకో కిటికీ ఉంటుంది. వార్డుల నుంచి నర్సులొచ్చి ఆ కిటికీ దగ్గరే అడిగి పట్టుకుపోతారు. గదిలోకి అడుగు పెడితే ఎండలో ఆరిన గుడ్డ వాసన, డ్రయ్యరు తలుపు తీసినప్పుడల్లా ముఖానికి తగిలే వెచ్చటి గాలి. నాకిప్పటికీ ఆ గాలి మీద బెంగే.

ఆ గదికో పద్ధతి ఉంది. ఒక పూట మనిషి వెళ్ళిపోతూ, ఇంకో పూట మనిషికి గది అప్పగించాలి కదా. నోటితో చెబితే చెల్లదు. చెప్పే వస్తువు మీద చెయ్యి పెట్టి చెప్పాలి. అందుకునే మనిషి పక్కనే తన చెయ్యి కూడా పెట్టి 'అందింది' అనాలి. నేను చేరకముందు ఎవరో ఒకావిడ గుమ్మంలోంచే "గౌన్లు ఉతికేశాం" అని చెప్పి వెళ్ళిపోయిందట. ఆవిడ చెప్పింది ముందురోజు గౌన్ల గురించి. పాపం కొత్తగా వచ్చినావిడ ఆ పూట ఉతకని మూట పైకి పంపేసింది. వాసన పసిగట్టి ఓ నర్సు ఆపింది కాబట్టి సరిపోయింది. అప్పటినుంచీ చెయ్యి పెట్టి చెప్పడమే. అన్నీ అయ్యాక ఆఖరున తాళంచెవి అవతలి మనిషి అరచేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా బయటికి వెళ్ళిపోవాలి. కబుర్లు చెబుతూ అక్కడే నిలబడితే గది ఎవరి పూచీలో ఉందో ఎవరికీ తెలియదు మరి.

ఇలా సాగుతుండగా గదికి పెద్దగా ఉన్నావిడ పని మానేసింది. ఆ చోటు మీ పెద్దమ్మకి ఇవ్వాలని పెద్ద నర్సమ్మకి మనసులో ఉంది. కానీ అప్పటికే ఆసుపత్రిలోకి రకరకాల దేశాల నర్సులు వచ్చేశారు, అందరికీ కలిసేది ఇంగ్లీషొక్కటే. గది పెద్దకి ఇంగ్లీషు మాట్లాడటం వచ్చి తీరాలి, నోటి పరీక్ష పెడతాం అన్నారు. గట్టెక్కితే పగటి పూట, పెద్ద పదవి. లేకపోతే బయటి నుంచి ఎవరినో తెస్తారు, మీ పెద్దమ్మని రాత్రి పూటకి మారుస్తారు. రాత్రి పూట అంటే పిల్లలు మేలుకుని ఉండగా ముఖం చూపించే వీలుండదు. ఆ సంగతి చెబుతూ అది అన్నం కూడా సరిగ్గా తినలేదు.

"అక్కా, నేనున్నానుగా" అంది మీ అమ్మ. బడిలో ఇంగ్లీషు చెప్పే మనిషి కదా, ధైర్యం ఎక్కువ. సాయంత్రం నుంచే మొదలుపెట్టింది.

"చూడక్కా. నిన్న, పోయిన వారం, పొద్దున్నే అని ఎప్పుడో చెప్పావనుకో, ఐ వాష్డ్. ఆ పని ఆ వేళకే అయిపోయింది, తలుపు మూసుకుంది. ఎప్పుడన్నది చెప్పకుండా, ఆ పని తాలూకు ఫలితం ఇప్పుడు ఎదురుగా ఉందనుకో, ఐ హావ్ వాష్డ్."

మీ పెద్దమ్మ, "ఎదురుగా ఉంటే చెయ్యి పెట్టొచ్చుగా?" అంది.

"పెట్టొచ్చనుకో."

"ఇంక చాలు, తెలిసిపోయింది."

"అన్నిటికీ అలా కుదరదక్కా. 'నేను సముద్రం చూశాను, ఒకసారి' అనాలంటే అది కూడా ఐ హావ్ సీన్. సముద్రం మీద చెయ్యి ఎక్కడ పెడతావ్?"

మీ పెద్దమ్మ తడుముకోకుండా రెండు చేతులూ తన కళ్ళ మీద పెట్టుకుంది. "చూసిన కళ్ళు ఇవిగో" అంది.

మీ అమ్మ నుదురు కొట్టుకుంది. నేను మాత్రం నవ్వలేక చచ్చాను.

అక్కడితో మొదలైంది తంటా. నోటితో చెప్పే ప్రతి ముక్కా నిజం కావాలి మీ పెద్దమ్మకి. బట్టల గది అలవాటు, ఏం చేస్తాం. మీ అమ్మ "ఐ హావ్ ఓపెన్డ్ ద విండో" అనమంటే, వెళ్ళి కిటికీ తీసి, రెక్క మీద చెయ్యి పెట్టి అప్పుడు అంటుంది. "ఐ హావ్ స్వెప్ట్ ద ఫ్లోర్" అనమంటే చీపురు పట్టుకుంటుంది. ఆ వారం మన ఇల్లు అద్దంలా ఉండేదనుకో. మీ అమ్మ కూడా గడుసుదే, అటక దులపడం, పొయ్యి తోమడం, పరుపులు ఎండలో వెయ్యడం, తను చెయ్యాల్సినవన్నీ పాఠంలో పెట్టేసింది. నేను చూస్తూనే ఉన్నాను.

ఒకరోజు "ఐ హావ్ లాస్ట్ మై కీ" దగ్గర బండి ఆగిపోయింది.

"నా తాళం సంచిలోనే ఉంది. పోయిందని ఎలా అంటాను?"

"ఉత్తినే అను అక్కా, పాఠం కదా."

"ఉత్తినే అంటే నాలుక తిరగదు చెల్లీ."

మీ అమ్మకి విసుగొచ్చి, సంచిలోంచి ఇంటి తాళంచెవి లాక్కుని లోపలికెళ్ళి ఎక్కడో దాచేసి వచ్చింది. "ఇప్పుడు పోయింది. అను." ఈలోగా పక్కింటావిడ పిలిస్తే వెళ్ళి అరగంట మాట్లాడి వచ్చింది. వచ్చేసరికి ఎక్కడ దాచిందో మరిచిపోయింది. ఇంక చూడు, మంచాల కింద, బియ్యం డబ్బాలో, చెప్పుల్లో, నలుగురం నాలుగు మూలలా. మీ తాత నడుం పట్టేసి, "ఈ ఇంగ్లీషు వచ్చేలోగా మనం వీధిన పడతామే" అని గొణుక్కుంటున్నారు. నడిమింట్లో నిలబడి మీ పెద్దమ్మ ఏడుపుగొట్టు ముఖంతో, "ఐ హావ్ లాస్ట్ మై కీ!" అంది. ఎక్కడా తడబడలేదు. మీ అమ్మ వెతకడం ఆపి చప్పట్లు కొట్టింది.

చివరికి తాళంచెవి ఉప్పు జాడీ వెనకాల దొరికింది. దాన్ని గుండెలకి హత్తుకుని మీ పెద్దమ్మ, "ఇప్పుడేమనాలి?" అంది.

"ఇప్పుడు ఐ లాస్ట్ మై కీ. దొరికిందిగా, ఆ కథ అయిపోయింది."

"అమ్మయ్య" అంది మీ పెద్దమ్మ, తాళం దొరికినందుకో, పాఠం దొరికినందుకో.

మీ తాతకి కూడా అంటుకుంది. పరీక్షకి ముందురోజు సాయంత్రం వంటింట్లోంచి ఏదో భళ్ళుమన్న చప్పుడు. వెంటనే "ఐ హావ్!" అని ఒక కేక.

"ఏమండీ, ఏం హావ్?" అని అరిచాను.

"వచ్చి చూడు, నీకే తెలుస్తుంది" అని పెరటి వైపు జారుకున్నారు. కప్పు మూడు ముక్కలై నేల మీద ఉంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. "అత్తయ్యా, మీరు రండి. లోపలికి అక్కర్లేదు, బయట బల్ల మీద కూర్చోండి చాలు" అంది మీ పెద్దమ్మ. వెళ్ళాను. పై అంతస్తులో చిన్న గది. ఒక బల్ల, కుర్చీలు, ఒక గోడ గడియారం, అంతే. ఇంకే సామానూ లేదు. పరీక్ష పెట్టేది కళ్ళజోడు పెట్టుకున్న ఒక సన్నటాయన. మన భాష వచ్చినవాడే గానీ పరీక్షలో ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదట. పక్కన పెద్ద నర్సమ్మ. పరీక్ష అయ్యేదాకా బట్టల కోసం ఎవరూ కిందికి వెళ్ళొద్దని ఆవిడ వార్డులన్నిటికీ ముందే చెప్పి ఉంచింది, అందుకని బట్టల గదికి తాళం వేసే వచ్చింది మీ పెద్దమ్మ.

తలుపు ఓరగా ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. పేరు, ఊరు, ఇంట్లో ఎవరెవరు, అన్నీ బాగానే చెప్పింది. నిన్న సాయంత్రం ఏం చేశావంటే, వండాను, కడిగాను, మా మావగారు కప్పు పగలగొట్టారు అని కూడా చెప్పిందట. ఇంటి గుట్టంతా అక్కడ పెట్టాలా! కళ్ళజోడాయన నవ్వాడు. నా మనసు కుదుటపడింది.

అప్పుడాయన ఇంకేదో అడిగాడు.

ఏమడిగాడో తరవాత నాకు చెప్పింది. "నేను నీ తరవాత పూట మనిషిని అనుకో. పని అంతా అయిందనుకో. ఏమేం చేసి ఉంచావో నాకు చెప్పు" అన్నాడట. రోజూ చేసే పనే. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందో. కానీ చెప్పడానికి ముందు దాని చెయ్యి లేచింది. నాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ చెయ్యి తెలుసు. దుప్పట్ల కోసం లేచింది. అక్కడ దుప్పట్లేవి? నున్నటి బల్ల మీద కాసేపు అటూ ఇటూ తిరిగి, ఒళ్ళోకి వచ్చి పడిపోయింది. ఆయన మంచివాడే, ఊరికే ఊహించుకుని ఏదో ఒకటి చెప్పమని చేత్తో సైగ చేశాడు. పెద్ద నర్సమ్మ కాగితాల్లోకి చూస్తూ కూర్చుంది. గడియారం చప్పుడు బయటికి వినిపిస్తోంది. రాత్రి పూట నా కళ్ళ ముందు కనబడిపోయింది తల్లీ. అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, నిద్రపోతున్న పిల్లలకి దుప్పటి కప్పి, అది గుమ్మం దాటి వెళ్ళడం.

మీ పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది. అయిపోయింది, వచ్చేస్తోంది అనుకున్నాను. అది తలుపు దాకా వచ్చి, వెనక్కి తిరిగి, "ప్లీజ్ కమ్. నాట్ హియర్" అంది.

ఇంకేముంది, ముందు అది, వెనకాల కళ్ళజోడాయన, ఆ వెనక పెద్ద నర్సమ్మ, ఆ వెనక మెట్టుకొకసారి మోకాలు పట్టుకుంటూ నేను. దారిలో ఎవరో పిలిస్తే పెద్ద నర్సమ్మ వార్డులోకి వెళ్ళిపోయింది. మేం బట్టల గదికి చేరాం. తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే దాని నడకే మారిపోయింది.

గౌన్ల దొంతర మీద చెయ్యి పెట్టింది. "ఐ హావ్ వాష్డ్ దీజ్." ఆయన తల ఊపాడు. అది చెయ్యి తియ్యలేదు. "యువర్ హ్యాండ్" అంది. ఆయన అటూ ఇటూ చూసి, కలం జేబులో పెట్టుకుని, మెల్లగా తన చెయ్యి పక్కన పెట్టాడు. "యూ సే, రిసీవ్డ్." "రిసీవ్డ్" అన్నాడాయన బుద్ధిగా. గలీబుల మీద చెయ్యి, లెక్కపెట్టాను అంది. తువ్వాళ్ళ మీద చెయ్యి, మడతపెట్టాను అంది. చివర బీరువాలో ఓ దొంతర ఉంది, చిరుగులు పడి కుట్టుకి వెళ్ళాల్సిన దుప్పట్లు. వాటి మీద చెయ్యి పెట్టి, "ఐ హావ్ నాట్ మెండెడ్ దీజ్" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది, "గుడ్, గుడ్! రిసీవ్డ్" అన్నాడు. ఆయన చెవి అంతా దాని ఇంగ్లీషు మీదే ఉంది, దుప్పట్ల మీద లేదు. డ్రయ్యరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంది. నిన్న ఆగిపోయింది, మనిషిని పిలిచాను, వచ్చాడు, బాగుచేశాడు అని ఊరికే చెప్పింది. ఆ తరవాత దాని తలుపు మీద చెయ్యి ఆనించి, ఇప్పుడు బాగుంది అంది. ఆయన చెయ్యి ఈసారి అడక్కుండానే వచ్చి పక్కన చేరింది.

ఆఖరున తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టింది. చేతిసంచి తీసుకుంది. వెనక్కి చూడకుండా బయటికి నడిచింది. నేనూ దాని వెంట నడిచాను. అంత చక్కగా అప్పగించింది కదా, నా కడుపు నిండిపోయింది. ఆసుపత్రి దాటి, రోడ్డు దాటి, బస్సు ఆగే చోట నిలబడ్డాం. ఇద్దరం నవ్వుకుంటున్నాం. ఎండ కూడా ముద్దుగా ఉంది.

చిల్లర కోసం సంచిలో చెయ్యి పెట్టి మీ పెద్దమ్మ, "అత్తయ్యా, గది తాళం కనపడటం లేదు" అంది.

"ఇచ్చేశావు కదే."

"ఎవరికి?"

"ఇంకెవరికి, కళ్ళజోడాయనకి."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. దాని ముఖంలో రంగు దిగిపోయింది. "అత్తయ్యా! పరీక్ష అవ్వలేదు! ఆయన పొమ్మనలేదు! నేను గది ఆయన నెత్తిన పెట్టి వచ్చేశాను!"

దాన్ని ఏమని తిట్టను? అదే గదిలో పని చేసినదాన్ని, తాళం చేతులు మారితే నా కాళ్ళు కూడా గుమ్మం వైపే వెళ్ళాయి. బస్సు వచ్చింది, పోయింది. మీ పెద్దమ్మ పరుగో పరుగు. నా మోకాళ్ళు ఆ రోజు ఎలా కదిలాయో వాటికే తెలియాలి.

వెళ్ళేసరికి కిటికీ దగ్గర గోల. పరీక్షకి ఇచ్చిన వేళ అయిపోయింది కదా, ఆగినవాళ్ళందరూ ఒక్కసారి వచ్చి పడ్డారు. లోపల కళ్ళజోడాయన చొక్కా చేతులు మడిచి, భుజం మీద తువ్వాళ్ళు, చంకలో గలీబులు. ఒకరు గలీబులంటే తువ్వాళ్ళిస్తున్నాడు, ఒకరు తువ్వాళ్ళంటే గౌన్లిస్తున్నాడు. పక్కన ఫోను మోగుతోంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, ఎత్తిపెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మమ్మల్ని చూసి, నియమం గియమం మరిచిపోయి, "వచ్చావా అమ్మా! ఇది కూడా పరీక్షలో భాగమేమో అనుకున్నా!" అన్నాడు.

"క్షమించండి సార్" అనబోయింది మీ పెద్దమ్మ. అంతలో దాని కళ్ళు చివరి బీరువా మీద పడ్డాయి. చిరిగిన దుప్పట్ల దొంతర అక్కడ లేదు. మాట మింగేసి ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ దుప్పట్లు ఎవరు పట్టుకెళ్ళారు? ఎప్పుడు? ఏ వార్డు? టకటకా అడుగుతోంది. పిల్లల వార్డు నర్సు వచ్చింది, ఇప్పుడే పట్టుకెళ్ళింది అన్నాడాయన. ముందు తాళం ఇమ్మని చెయ్యి చాచింది. ఆయన ఇచ్చాడు. "రిసీవ్డ్" అని, మోగుతున్న ఫోను ఆపి, పిల్లల వార్డుకి తనే చేసింది.

"సిస్టర్, లినెన్ రూమ్. వి హావ్ సెంట్ రాంగ్ షీట్స్. ప్లీజ్ డోంట్ యూజ్. ఐ యామ్ కమింగ్."

మంచి దుప్పట్లు రెండు చేతులా ఎత్తుకుని మెట్ల వైపు పరిగెత్తింది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి ఆయన వైపు చూస్తే, "వెళ్ళమ్మా, కిటికీ నేను చూస్తా" అన్నాడు ఆయన, ఇంకో తువ్వాలు అందుకుంటూ.

అప్పటికి పెద్ద నర్సమ్మ కూడా వచ్చింది. ఆయన నడుం మీద చేతులు వేసుకుని నిలబడి, ఆవిడతో మన భాషలోనే అన్నాడు. "తప్పు నాది. ఆవిడ చెయ్యి పెట్టి మరీ చెప్పింది, కుట్టలేదని. నేను మార్కులేసుకుంటూ విన్నాను. అయినా ఫోనులో ఆయన పంపాడు అనలేదు, మేం పంపాం అంది." పెద్ద నర్సమ్మ ఆయన భుజం మీద తువ్వాళ్ళు తీసి మడతపెట్టడం మొదలెట్టింది.

మీ పెద్దమ్మ ఆ పాత దొంతర మోసుకుంటూ, చెమటలు కక్కుకుంటూ వచ్చింది. ఏ మంచం మీదా పరవలేదట. పరీక్ష మధ్యలో వదిలి వెళ్ళానని చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"నా కాగితం మీద ఇంకా చాలా ప్రశ్నలున్నాయమ్మా" అన్నాడు కళ్ళజోడాయన. "అడగను. 'ఎ', 'ద' లాంటి చిన్న చిన్న మాటలు కొన్ని ఎగ్గొట్టావు, వాటికి మార్కులు తగ్గిస్తాను. మిగతాదంతా నాకు అందింది."

తగ్గించనీ, మాకేం. వారం తిరక్కుండానే పగటి పూటా, పెద్దరికమూ రెండూ దాని చేతికి వచ్చాయి. ఆ కబురు తెలిసిన సాయంత్రం ఇంటికొచ్చి, "ఐ హావ్ పాస్డ్!" అంది గుమ్మంలోంచే. "చెయ్యేదక్కా? చెయ్యి పెట్టకుండా చెబితే చెల్లదుగా" అని మీ అమ్మ ఏడిపించింది. మీ పెద్దమ్మ సంచి కింద పడేసి, వచ్చి మీ అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టింది. మీ అమ్మ నవ్వబోయింది, నవ్వు రాక ముక్కు ఎగబీల్చింది. మీ తాత ఆ సందట్లో ఇంకో కప్పు పగలగొట్టారు, కానీ ఈసారి ఎవరూ పట్టించుకోలేదు.

అదీ సంగతి. ఇప్పుడు పుస్తకం తెరిచినా నీకు భయం ఉండదు. ఉండు, అప్పుడే లేవకు. ఇదిగో నా చెయ్యి, నీ మోకాలి మీద పెట్టాను. నీ చెయ్యి పక్కన పెట్టు. ముసలిదాన్ని, ఈ కథ ఒక్కదాన్నే ఎంతకాలం మొయ్యను? అందిందా? నోటితో అను. ఆఁ, ఇప్పుడిది నీ పూచీ. ఎక్కడా పారేయకు. నీకు చెల్లెలో తమ్ముడో వచ్చి ఈ పుస్తకం పట్టుకుని మూతి ముడిచిన రోజున దగ్గరికి పిలిచి, చెయ్యి పెట్టి చెప్పు.